ఫొటో కింద పేరు రాయండి

(కొత్తకోటలో విద్యార్థులు, ఉద్యోగులు, స్థానిక విలేకరులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని ఫొటోల గురించి మాట్లాడుమన్నరు. మేం ఫొటోగ్రాఫర్లం కాదు. డిగ్రీ చదువుతూ ఉద్యమంలోకి వచ్చినం, ఉద్యమంలోంచి పత్రికలోకి వచ్చినం. కెమెరా ఎట్ల పట్టాలె, వెలుతురు ఎటు నుంచి పడాలె అన్నది ఈ కొత్తకోటలో పెండ్లి ఫొటోలు తీసే తమ్ముళ్లకే మాకన్న ఎక్కువ తెలుసు. అందుకని తీసేటోళ్ల సంగతి వాళ్లకే విడిచిపెడుతున్నం. చూసేటోళ్ల సంగతి మాట్లాడుదాం. ఒక ఫొటోను తీసేది ఒక్కరు, చూసేది వెయ్యి మంది. ఆ వెయ్యి మందికి ఒకే బొమ్మలో వేరు వేరు అర్థాలు ఎందుకు కనపడుతయి? చూస్తుంటే కండ్లల్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తయి? కాగితంలోంచా, మన లోపలి నుంచా?

మన ఇండ్ల నుంచే మొదలుపెడదాం. మీరు ఎవరింటికన్న పోతరు. గోడ మీద ఒక ఫొటో ఉంటది. దానికి కుంకుమ బొట్టు, చమ్కీ దండ, పైన చిన్న ఎర్ర బల్బు. ఆ మనిషి ఇప్పుడు లేడని ఎవరన్న చెప్పాలెనా? గుమ్మంలో అడుగుపెట్టంగనే తెలుస్తది. గొంతు దానంతటదే తగ్గుతది. అదే ఫొటోను మన ఆచారం తెలియని పరదేశం మనిషికి చూపించండి. ఎవరో గొప్పాయన, ఇంటోళ్లు సన్మానం చేసిండ్రు అనుకుంటడు. బొమ్మ అదే, ముఖం అదే. అర్థం మాత్రం చూసేటోని బతుకులోంచి వచ్చింది.

ఇంకొంచెం లోపలికి పోదాం. మన పేద ఇండ్లల్లో ఆ గోడ మీది ఫొటో ఎక్కడి నుంచి వస్తది? చాలాసార్లు రేషన్ కార్డు నుంచో, ఓటరు కార్డు నుంచో వస్తది. మనిషి బతికున్నప్పుడు తీసిన ఫొటో అదొక్కటే ఉంటది. దాన్ని పట్టుకొని స్టూడియోకు పోతరు. స్టూడియో తమ్ముడు దాన్ని పెద్దగ చేసి, మాసిన అంగీ తీసేసి కోటు తొడిగి, వెనక నీలం పరదా పెడుతడు. జన్మల కోటు తొడగని మనిషి కోటు తొడుక్కొని గోడెక్కుతడు. ఇంకెవరన్న చూస్తే నవ్వుతరు. కానీ ఆ ఇంటి ఇల్లాలు నవ్వదు. ఆఫీసులో గుమస్తా ఆ ఫొటోను నంబరు సరిచూసుకోవడానికి చూసిండు. ఆమె అదే ఫొటోను ముప్పై ఏండ్ల కాపురం కోసం చూస్తది.

ఫ్రాన్స్ దేశంలో రోలా బార్త్ అనే పెద్ద పండితుడు ఉండె. 1980లో ఆయన ఫొటోల మీద ఒక పుస్తకం అచ్చేసిండు. అందులో తన తల్లి చిన్నప్పటి ఫొటో ఒకటి దొరికిందని, చనిపోయిన తల్లి తనకు అందులో నిజంగ కనిపించిందని పేజీలకు పేజీలు రాసిండు. పుస్తకంలో ఎన్నో ఫొటోలు అచ్చేసిండు గని ఆ ఒక్క ఫొటో అచ్చెయ్యలేదు. చదివేటోళ్లకు అది ఎవరో ఒక పిల్ల పాత ఫొటో మాత్రమే అయితదని ఆయనకు తెలుసు. పండితుడు పుస్తకం రాసి చెప్పిన ఆ మాట కోటు తొడిగించిన ఫొటో ముందు దీపం పెట్టే మన అవ్వకు ఎప్పటి నుంచో తెలుసు.

ఇంత వరకు ఇంటి ఫొటో. ఇగ బజారు ఫొటో సంగతికి వస్తం. ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాల్సి ఉన్నది.

2009 డిసెంబర్. 9న తెలంగాణ ప్రక్రియ మొదలుపెడుతున్నమని కేంద్రం ప్రకటన చేసింది. 23న ఆ మాట మీద నీళ్లు చల్లింది. ఊరూర రిలే దీక్షలు మొదలైనయి. మేం అప్పుడు విద్యార్థులం. దీక్షా శిబిరానికి ఒక ఫ్లెక్సీ కావాలె. పాలమూరు గోస కండ్ల ముందు కనపడాలె. స్నేహితుని దగ్గర డిజిటల్ కెమెరా ఉంటే తీసుకొని హైవే మీద బస్సులు ఆగే చోటికి పోయినం. అక్కడ మూట పక్కన పెట్టుకొని ఒక నడీడు తల్లి కూర్చున్నది. దుమ్ము కొట్టుకపోయిన జుట్టు, కొంగుతో కండ్లు తుడుచుకుంటున్నది. మాకు ఇంకేం కావాలె? దూరం నుంచే రెండు ఫొటోలు తీసినం. ఆమెను పలకరించలేదు. తెల్లారేసరికి ఫ్లెక్సీ తయారు. కింద పెద్ద అక్షరాలు రాయించినం, 'పాలమూరు తల్లీ, మళ్లీ ఏ దేశం పోతున్నవ్?' అని. శిబిరానికి వచ్చినోళ్లంత దాని ముందు నిలబడి చూసేటోళ్లు. కండ్లు తుడుచుకునేటోళ్లు.

నాలుగు రోజులకు ఆ తల్లే శిబిరం ముంగట నుంచి పోతూ ఆగింది.

"గిది నేను గాదా?" అన్నది.

"ఔనమ్మా, నువ్వే" అన్నం, ఏదో సన్మానం చేసినట్టు.

"కింద ఏమని రాసిండ్రు బిడ్డా?"

ఒక తమ్ముడు చదివి వినిపించిండు. ఆమె కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నది, "నేను యాడికీ వోతలేను గద బిడ్డా. వస్తుంటి. పీర్ల పండుగకని పూనా నుంచి వస్తిమి. ఎనిమిది నెల్లకు ఇంటి మొకం జూస్తి. ఆ దినం నేను మస్తు సంబురంగ ఉంటి. బస్సు దిగినంక కండ్లల్ల దుమ్ము వడె, తుడ్సుకుంటుంటి. గంతే."

పాలమూరు వలస కూలీలకు పీర్ల పండుగ ఎంత పెద్ద పండుగో ఇక్కడ ఉన్నోళ్లకు చెప్పాల్సిన పని లేదు. బొంబాయిలో ఉన్నా, పూనాలో ఉన్నా ఆ పండుగకు ఊరు చేరుతరు. ఆమె ఏడాదికి ఒక్కసారి సంతోషపడే రోజున మేం ఆమెను ఫొటో తీసి, ఆ సంతోషానికి ఏడుపు అని పేరు పెట్టినం.

ఆమె పోయినంక శిబిరంలో చర్చ అయింది. కొందరన్నరు: "ఏం ఫరక్ పడుతది? పండుగ అయినంక మళ్లీ పోయేదే గదా. గోస నిజమే గదా." ఆ మాటలో కొంత నిజం ఉన్నది. వలస అబద్ధం కాదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు అబద్ధం కాదు. ముసలోళ్లు, పసిపిల్లలు మాత్రమే మిగిలిన ఊర్లు అబద్ధం కాదు. అయినా మా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉన్నది. ఎందుకంటే ఆ ఫ్లెక్సీ ముందు కన్నీళ్లు పెట్టినోళ్లు ఆమెను చూసి ఏడ్వలేదు. మేం రాసిన రాతను చూసి ఏడ్చిండ్రు. ఆ మాట తెలిసినంక కూడా ఫ్లెక్సీ మేం తీసెయ్యలేదు. చినిగిపోయేదాక అట్లనే ఉన్నది. పోయేటప్పుడు ఆమె "నాకొక ఫొటువ ఇయ్యి బిడ్డా" అని అడిగింది. ఇస్తమన్నం. నెల తర్వాత ఫొటో కడిగించుకొని పోతే ఇంటికి తాళం ఉన్నది. ఆమె పేరు కూడ ఆ రోజు ఇంటి పక్కోళ్లను అడిగితేనే తెలిసింది.

ఈ తప్పు మేమొక్కళ్లమే చెయ్యలేదు. లోకంలో అందరికన్న ఎక్కువ మంది చూసిన వలస కూలీ ఫొటో సంగతి వినండి. 1936 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, నిపోమో అనే ఊరు. బఠాణీలు ఏరే కూలీల గుడారాలు. మంచు పడి పంట పోయింది, పని లేదు. డొరోతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ సర్కారు తరఫున కూలీల బతుకులు ఫొటోలు తీస్తూ అటు వచ్చింది. ఒక తల్లి, ఒడిలో పసిబిడ్డ, రెండు భుజాల మీద ముఖం దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఆ తల్లి చెయ్యి చెంప దగ్గర, చూపు ఎటో దూరం. కొద్ది నిమిషాల్లో కొన్ని ఫొటోలు తీసుకొని పోయింది. ఆమె పేరు అడగలేదు. ఆ మాట లాంగ్ తర్వాత తానే రాసింది. ఆ ఫొటోలు పత్రికలో పడంగనే సర్కారు ఆ గుడారాలకు వేల కిలోల తిండిసామాను పంపింది. అది చేరేసరికి ఆ తల్లి కుటుంబం అక్కడ లేదు. పని వెతుక్కుంటూ వేరే చోటికి పోయింది.

ఆ ఫొటో 'వలస తల్లి' అనే పేరుతో లోకమంతా తిరిగింది. పుస్తకాల్లోకి ఎక్కింది, ప్రదర్శనశాలల్లోకి ఎక్కింది, తపాలా బిళ్ల మీదికి ఎక్కింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏండ్లకు. ఆ ఫొటోతోటి తనకు ఒరిగిందేం లేదని ఆమె బాధపడ్డది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నరని లాంగ్ రాసుకున్నది. అట్ల జరగలేదని కుటుంబం చెప్పింది. చూసినోళ్లంత ఆమెను తెల్లజాతి రైతు బిడ్డ అనుకున్నరు. ఆమె చెరోకీ అనే ఆదివాసీ తెగ మనిషి. 1983లో ఆమె జబ్బు పడ్డప్పుడు పిల్లలు సాయం అడిగితే ఎక్కడెక్కడి జనమో డబ్బులు, ఉత్తరాలు పంపిండ్రు. ఆ ఏడే ఆమె కన్నుమూసింది.

ఈ కథలో రెండు సంగతులు ఉన్నయి. ఫొటోకు బలం ఉన్నది. చూసిన జనం కదిలిండ్రు, సర్కారు కదిలింది. రెండోది, ఆ కదలికంత ఫొటోలో ఉన్న మనిషిని దాటుకుంటూ పోయింది. నిపోమోలో అయినా, కొత్తకోట రోడ్డు మీద అయినా అడగాల్సిన ప్రశ్న అదే: అమ్మా, నీ పేరేంది, ఎటు పోతున్నవ్?

మరి ఆ కదలిక మనలో ఎట్ల పుడుతది? మాకు అర్థమైన కాడికి మూడు వైపుల నుంచి పుడుతది.

మొదటిది, ఫొటోలో నిజంగ ఉన్నది. ముడుతలు, మూట, చెప్పుల్లేని కాళ్లు. దీన్ని ఎవరూ కాదనలేరు.

రెండోది, చూసేటోడు వెంట తెచ్చుకున్నది. పగిలిన నేల ఫొటో పట్నం పిల్లగానికి చూపిస్తే బొమ్మ బాగున్నదంటడు, గీతలు గీసినట్టు ఉన్నదంటడు. రైతుకు చూపిస్తే మడిమెలు మండుతయి. చెరువు ఎండినప్పుడు ఆ పగుళ్ల మీద నడిచిన కాళ్లు ఆయనవి.

మూడోది, పక్కన పెట్టింది. అంటే కింద రాత, పక్క బొమ్మ, పత్రికలో దానికి ఇచ్చిన చోటు. సుమారు నూరేండ్ల కింద రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఒక పరీక్ష చేసిండని చెప్తరు. ఒక నటుని ముఖం, ఏ భావం లేకుండ, తీసుకున్నడు. దాని తర్వాత ఒకసారి సూపు గిన్నె చూపించిండు, ఇంకోసారి శవపేటిక చూపించిండు. చూసినోళ్లు మొదటిసారి ఎంత ఆకలిగ ఉన్నడో అన్నరట, రెండోసారి ఎంత దుఃఖపడుతున్నడో అన్నరట. ముఖం మాత్రం అదే ముక్క. మన ఫ్లెక్సీ సంగతి అంతకన్న వేరేం కాదు. అక్కడ శవపేటిక పెట్టిండ్రు, ఇక్కడ మేం ఒక వాక్యం పెట్టినం.

కింద రాసే రాతతోటి మోసం చెయ్యొచ్చు. అదే రాతతోటి దాచిపెట్టిన నిజాన్ని బయటికి తియ్యొచ్చు కూడ. దీనికి మన జిల్లానే సాక్ష్యం. ఏండ్ల తరబడి పాలమూరు అంటే ఒకటే ఫొటో. నెర్రెలు బాసిన నేల, తల మీద చేతులు పెట్టుకున్న రైతు. కింద ఒకటే మాట, 'కరువు'. చూసినోళ్లు అయ్యో పాపం అన్నరు, వానదేవుణ్ణి తిట్టిండ్రు, పేజీ తిప్పిండ్రు. ఆ ఫొటో అంచుకు అవతల ఏమున్నదో ఎవరూ అడగలేదు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే ఉమ్మడి పాలమూరు జిల్లాలో. గద్వాల పక్క నుంచి పారుతది. అటు ఇంకో వైపు తుంగభద్ర. జూరాలకు 1981లో పునాది రాయి పడితే ప్రాజెక్టు ప్రారంభమైంది ఎన్నో ఏండ్ల తర్వాత. రెండు నదుల నడుమ నేల ఎందుకు పగిలింది అన్న ప్రశ్న ఆ ఫొటోలో కనపడదు. ఉద్యమం చేసిన పని ఏందంటే, అదే ఫొటో కింద కరువు అన్న మాట కొట్టేసి నీళ్ల వాటా అని రాసింది. బొమ్మ మారలేదు. చూసేటోని గుండెలో జాలి ఉన్న చోట ప్రశ్న పుట్టింది. మాకు ఆ ఫ్లెక్సీ మీద సిగ్గు ఉన్నది. ఈ రాత మీద సిగ్గు లేదు. నదుల లెక్క ఎవరన్న సరిచూసుకోవచ్చు. ఆ తల్లిని మాత్రం మేం అడగనే లేదు.

ఫొటోలో ఎవరికి పేరు ఉంటది, ఎవరికి ఉండదు అన్నది కూడ పాత కథనే. మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదుగ వచ్చింది. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చిండు. ఆయన తీసిన ఫొటోలు లేకుంటే ఆ కాలపు హైదరాబాదు మన కండ్లకు కనపడకపోవు. పనితనానికి దండం పెట్టాలె. 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యంలో వేటాడిన పులి పక్కన నిలబడ్డ ఫొటో లోకమంతా తిరిగింది. కర్జన్‌కు పేరు ఉన్నది, ఆయన భార్యకు పేరు ఉన్నది. ఆ కాలపు వేట ఫొటోలు, దర్బారు ఫొటోలు ముందర పెట్టుకొని అంచుల్లో చూడండి. పులిని తోలుకొచ్చినోళ్లు, గొడుగు పట్టినోళ్లు, ఏనుగును నడిపినోళ్లు ఉంటరు. వాళ్లకు పేర్లు ఉండవు. చదువుకున్నోడు నడుమ ఉన్న దొరను చూస్తడు. మన తాతలు అంచులో నిలబడ్డోళ్లు కాబట్టి మన కన్ను అంచులోకి పోతది. పోవాలె కూడ.

ఇప్పుడు ఈ కొత్తకోట మరిచిపోలేని ఒక ఫొటో దగ్గరికి వస్తున్నం. చెప్పడం కష్టమే. అయినా ఇక్కడ కాకుంటే ఇంకెక్కడ చెప్తం.

2013 అక్టోబర్ 30. దీపావళికి ఇంకా నాలుగు రోజులు. తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న బస్సు మన మండలంలోని పాలెం దగ్గర కల్వర్టును గుద్దింది. డీజిల్ అంటుకున్నది. 45 మంది కాలిపోయిండ్రు. మేం అప్పుడు పత్రికలో కొత్త. తెల్లారి దేశమంతా పత్రికల్లో ఒకటే ఫొటో: రోడ్డు పక్కన నిలబడ్డ బస్సు అస్థిపంజరం. అద్దాలు లేవు, సీట్లు లేవు, ఇనుప చువ్వలు మాత్రమే.

ఆ ఒక్క ఫొటోను ఎంతమంది ఎట్ల చూసిండ్రో ఒకసారి ఆలోచించండి. ఎక్కడో ఢిల్లీలో చూసినాయనకు అది ఒక ఘోరం. రవాణా శాఖ ఉద్యోగి చూస్తే డీజిల్ ట్యాంకు ఎక్కడున్నది, బయటపడే దారి ఎక్కడున్నది అని చూస్తడు. డ్రైవర్ అన్న చూస్తే కల్వర్టును, రోడ్డు వెడల్పును చూస్తడు. రోజూ రాత్రి బస్సుల్లో తిరిగే పిల్లలు చూస్తే తాము కూర్చునే సీటు ఎక్కడ ఉండేదో వెతుక్కుంటరు. పాలెం ఊరోళ్లకు ఆ ఫొటోలో వాసన కూడ గుర్తుకొస్తది. వాళ్లు దాన్ని ఎక్కువసేపు చూడలేరు. మరి అందులో మనిషిని పోగొట్టుకున్న ఇంటోళ్లు? వాళ్లు ఆ చువ్వల నడుమ ఒక కిటికీని వెతికి ఉంటరు. అందరికీ కనపడ్డది బస్సు. వాళ్లకు మాత్రం ఒక్క మనిషి.

ఆ మృతదేహాలను ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేకుండె. డీఎన్ఏ పరీక్షలు చేసి అప్పగించాల్సి వచ్చింది. అట్లాంటప్పుడు ఇంటోళ్ల చేతిలో మిగిలే ముఖం ఏది? సెల్లులో ఉన్న ఫొటో, కాలేజీ ఐడీ కార్డు మీది ఫొటో, పాస్‌పోర్టు సైజు ఫొటో. నిన్నటిదాక ఎవరూ పట్టించుకోని ఆ అగ్గిపెట్టెంత బొమ్మనే రేపటి నుంచి మనిషి. ఆ ఫొటోలకు, బస్సు ఫొటోకు నడుమ ఉన్న దూరమే మేం ఈ రోజు చెప్పదలుచుకున్నది. ఒకటి వార్త, ఇంకొకటి ప్రాణం. పత్రికకు రెండూ కావాలె. మేం మొదటిది నాలుగు కాలమ్‌లు వేస్తం, రెండోదాన్ని తపాలా బిళ్లంత వేస్తం.

మళ్లీ 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో అదే హైవే మీద ఇంకో బస్సు కాలిపోయింది. ఈసారి హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే బస్సు. ఆ రెండు బస్సుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. కింద ఊరి పేరు, తేదీ తీసేస్తే ఏది పాలెం, ఏది చిన్నటేకూరు అన్నది కొత్తవాళ్లు చెప్పలేరు. పన్నెండేండ్ల నడుమ రెండు ఫొటోలు అంత ఒకే తీరుగ ఉన్నయంటే, ఏం మారలేదు అన్న మాట ఆ ఫొటోలే చెప్తున్నయి. కానీ ఆ మాట మనకు వినపడాలంటే కింద తేదీ ఉండాలె. తేదీ లేకుంటే రెండూ కలిసి ఒకటే భయంకరమైన బొమ్మ అయితయి. భయపడి పక్కకు జరుపుతం. తేదీ ఉంటే అడుగుతం: 2013 తర్వాత ఏం చేసిండ్రు అని.

ఇంకొక్క ఫొటో గురించి చెప్పకుండ ఉద్యమంలో తిరిగినోళ్లం ముందుకు పోలేం. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నడు. డిసెంబర్ 3న కన్నుమూసిండు. ఆ మంటల దృశ్యం టీవీల్లో మళ్లీ మళ్లీ తిరిగింది. మేం చూసినం, ఏడ్చినం. ఆ ఏడుపు నిజం. కానీ ఆ దృశ్యాన్నే ఫ్లెక్సీల మీదికి, కరపత్రాల మీదికి ఎక్కించినప్పుడు మేం ఒక్క ప్రశ్న వేసుకోలేదు. పదిమందిలో నిలబడి చూసేటోనికి ఆ ఫొటో కోపం ఇస్తది. హాస్టల్ గదిలో ఒంటరిగ కూర్చున్న, మనసు చెదిరిన పిల్లగానికి అదే ఫొటో ఏం అర్థం ఇస్తది? కన్నతల్లికి ఏం అర్థం ఇస్తది? ఇయ్యాల మా చేతిలో ఆ పేజీ ఉంటే మంటలు వెయ్యం. బతికున్నప్పటి ముఖం వేస్తం. పోయినోళ్లను మంటలతోటి గాదు, ముఖంతోటి గుర్తుపెట్టుకోవాలె. ఈ మాట తెలుసుకోవడానికి మాకు ఆలస్యం అయింది.

ఇప్పుడు ఈ విద్యార్థి తమ్ముళ్ల చేతుల్లో ఉన్న సెల్లుల సంగతి. రోజుకు వంద ఫొటోలు వస్తయి, వంద పోతయి. ఎక్కడిదో పాత వరద ఫొటో నిన్నటి వరద అయితది. ఏ రాష్ట్రం గొడవనో మన ఊరి గొడవ అయితది. దానికి తోడు ఇప్పుడు కంప్యూటరే లేని మనిషిని పుట్టిస్తున్నది. ముడుతల ముఖం, పగిలిన నేల, కంట్లో నీటి బొట్టు కావాలని అడిగితే నిమిషంలో ఫొటో తయారు. అట్లాంటి బొమ్మ చూసి కూడ మనకు నిజమైన కన్నీళ్లే వస్తయి. దీన్ని చూసి భయపడేటోళ్లకు మేం ఒక మాట చెప్తం. ఆ దినుసులు యంత్రానికి ఎవరు నేర్పిండ్రు? మనమే. పేదరికం అంటే ముడుతలు, మూట, కన్నీరు అని ఏండ్ల తరబడి అచ్చేసి నేర్పినం. పేరు అడగకుండ, ఊరు అడగకుండ తీసిన ఫొటోకు, మనిషే లేకుండ పుట్టిన ఫొటోకు చూసేటోని కండ్లల్లో పెద్ద తేడా ఉండదు. తేడా తెచ్చేది పేరే.

అందుకని ఫొటో చూడంగనే, పంపే ముందు, అచ్చేసే ముందు, ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరు? ఏ ఊరు? ఏ తేదీ? ఎవరు తీసిండ్రు, ఎందుకు తీసిండ్రు? అంచుకు అవతల ఏమున్నది? చివరిది అన్నిటికన్న పెద్ద ప్రశ్న. ఈ ఫొటోలో ఉన్న మనిషి వచ్చి కింద మనం రాసింది చదివించుకొని వింటే, ఔనంటదా? మా ఫ్లెక్సీ ముందు ఆ తల్లి కాదన్నది. ఆ ఒక్క పరీక్షలో మేం ఫెయిలైనం.

ఒక పని చెప్పి ముగిస్తం. వలస గురించి రాయడానికి చుట్టుపక్కల ఊర్లల్లో తిరిగినప్పుడు మేం ఒక సంగతి గమనించినం. వలస పోయినోళ్ల ఇండ్లల్లో వాళ్లు తెచ్చుకున్న ఫొటోలు ఉంటయి. బొంబాయిలో గేట్‌వే ముందు దిగిన ఫొటో. స్టూడియోలో రంగుల పరదా ముందు, కొత్త అంగీ, నల్ల కండ్లద్దాలు, భుజం మీద దోస్తు చెయ్యి. కట్టిన మేడ మీద మేస్త్రీ, కూలీలు వరుసగ నిలబడి, ఇది మేం కట్టింది అన్నట్టు. వాటిల్లో ఎవరూ ఏడ్వరు. పాలమూరు కూలీ దేశంలో ఎన్ని కట్టలు కట్టిండో, ఎన్ని కాల్వలు తవ్విండో, ఎన్ని మేడలు లేపిండో చెప్పుకునే మనం, ఆయన తన గురించి తాను ఏ ఫొటో దాచుకున్నడో ఎప్పుడన్న చూసినమా? మన ఫొటోలో ఆయన మూట. ఆయన ఫొటోలో ఆయన మనిషి.

విద్యార్థులు సెలవుల్లో ఇంటింటికి పోండి. ఆ ఫొటోలు చూపించుమని అడగండి. గుంజుకరావొద్దు. సెల్లుతోటి కాపీ తీసుకొని అసలుది వాళ్లకే ఇవ్వండి. ఫొటోలో ఎవరెవరున్నరు, ఏ ఏడు, ఏ పని మీద పోయిండ్రు, వాళ్ల నోటితోటి చెప్పించుకొని రాసుకోండి. ఉద్యోగ మిత్రులు అచ్చు ఖర్చు పెట్టుకోండి. ఆ ఫొటోలతోటి మన దగ్గర ఒక ప్రదర్శన పెడదాం. చూడడానికి మొదలు ఆ ఫొటోల్లో ఉన్నోళ్లనే పిలుద్దాం. కింద మనం రాసింది ఎవరన్న చదివి వినిపిస్తే, ఔను ఇది మేమే అని వాళ్లు అనాలె.

మా వంతుగ మేం ఒక ఫొటో తెస్తం. మూట పక్కన కూర్చున్న తల్లి ఫొటో. కింద ఆమె పేరు, ఆమె ఒప్పుకుంటేనే, రాస్తం. దాని కింద ఇట్ల రాస్తం: 'పీర్ల పండుగకు పూనా నుంచి ఇంటికి వచ్చిన రోజు, 2009 డిసెంబర్'. ఒక కాపీ ఆమె చేతికి ఇస్తం. ఆమెకు పదహారేండ్ల పైన బాకీ ఉన్నం.

సెలవు.